ఫోల్డర్ పుట్టిన చోటు

ఐదింటికి పోలీసు వ్యాన్ వస్తుంది. ఆ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనటం లేదు, అంతే.

మందులు కలిపే గదిలో అడుగుపెట్టేసరికి మూడూ ఇరవై. నత్త ముందు గడియారం చూశాడు, తరవాత నేల చూశాడు, ఆ తరవాతే మనిషిని చూశాడు. ముప్ఫై ఏళ్ళు పోలీసు కొలువు చేసి, దిగిపోయాక సొంతంగా కేసులు చూస్తున్న ఆ మనిషికి నత్త అని పేరు పెట్టింది తోటి పోలీసులే. నడక నెమ్మది, మాట మరీ నెమ్మది. ఎదుట ఎవరూ అనకపోయినా ఆ పేరు అతనికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

బుధవారం పొద్దున ఈ గదిలో కలిపిన గుండె మందు ఎక్కించుకుని ఒక పెద్దావిడ పోయింది. నలభై రెండు కిలోల మనిషి ఒంట్లోకి ఎనభై ఒక్క కిలోల మనిషికి సరిపడే మందు వెళ్ళింది. మోతాదు లెక్కగట్టింది కంప్యూటరు. ఆ ప్రోగ్రాం రాసిన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. నిన్న, అంటే గురువారం సాయంత్రం, తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెట్టేసింది. ఒప్పుకున్నాక ఇంకా వెతికేదేముందని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు.

పోయినావిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. నత్తను ఇందులోకి దింపింది ఆయనే. "ఆ పిల్ల ముఖం చూశానయ్యా," అన్నాడు పొద్దున. "చేసినదాని ముఖంలా లేదు. చేశాననుకుంటున్నదాని ముఖంలా ఉంది. నాకు తప్పు మనిషిని చూపించి ఇంటికి పంపొద్దు. మా ఆవిడ పోయిన బాధ ఒకటి చాలు." ఆ మాట అప్పటినుంచీ నత్తకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

"కూర్చో తల్లీ," అన్నాడు నర్సుతో.

బుధవారం మందు కలిపింది ఆవిడే. కూర్చోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"బరువు గడి నేనే ఖాళీగా వదిలాను బాబాయ్ గారూ. దాచేదేం లేదు. ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తెచ్చారు, తూకం వెయ్యలేదు. తరవాత నింపుదాంలే అని కింది వరసలోకి వెళ్ళిపోయాను."

"ఎన్నింటికి?"

"తొమ్మిదీ ఇరవైకి. తొమ్మిదీ నలభైకల్లా మందు కలిపేశాను. పదకొండూ పదికి ఆవిడ పోయింది."

"ఖాళీ వదలడం అదే మొదలా?"

"అబ్బే. వారానికి రెండు మూడుసార్లు వదులుతూనే ఉంటాం. వదిలితే తెరకి అడ్డంగా ఎర్ర గీత పడుతుంది. బరువు వేస్తేగానీ ముందుకి కదలదు. మొండిఘటం. మేమంతా దాన్ని అత్తగారు అని పిలుచుకునేవాళ్ళం. ప్రోగ్రాం రాసిన ఆ పిల్లకి చెబితే పడీపడీ నవ్వింది." నర్సు కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపయింది. "బుధవారం అత్తగారు నోరెత్తలేదు బాబాయ్."

"అంతకుముందు ఎప్పుడు నోరెత్తింది?"

నర్సు సొరుగు లాగి నోటు పుస్తకం తీసింది. ఎర్ర గీత పడితే మందు ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే వార్డువాళ్ళు గొడవపడతారు. ఆ గొడవకి జవాబుగా టైములు రాసిపెట్టుకోవడం ఈ గదిలో అలవాటు. నత్త వేలు పెట్టి చదివాడు. సోమవారం ఎనిమిదీ ఐదు, ఎర్ర గీత, మూడో మంచం, బరువు లేదు. మంగళవారం పదకొండు, ఎర్ర గీత, ఎనిమిదో మంచం. ఆ కింద కాగితమంతా తెలుపు.

అంటే మంగళవారం పదకొండింటికి మాట్లాడింది, బుధవారం తొమ్మిదీ ఇరవైకి మూగదైపోయింది. మధ్యలో ఎవరో దాని గొంతు నొక్కారు.

"ఆవిడ పోయాక ఈ గదిలోకి ఎవరెవరొచ్చారు?"

"పన్నెండున్నరకి ఇన్‌స్పెక్టర్ గారు గుమ్మంలోంచి చూసి వెళ్ళారు. రెండున్నరకి మళ్ళీ వచ్చి మెషీనుకి సీలు వేశారు. మధ్యలో ఎవరూ... ఆ, సిస్టమ్స్ అక్క వచ్చింది, ఒంటిగంటా యాభైకి. 'పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు నువ్వు, పోయి ముఖం కడుక్కో, నేను చూస్తుంటా' అంది. అంత బాధలోనూ ఎదుటివాళ్ళ ఆకలి చూసే మనిషి బాబాయ్ ఆవిడ."

"ఎవరీ సిస్టమ్స్ అక్క?"

"ఇక్కడి కంప్యూటర్లన్నీ ఆవిడ చేతికిందే. ఆ పిల్లకి సొంత అక్క. తల్లి పోతే తనే పెంచింది. ఆ పిల్ల అక్కా అక్కా అని తిరుగుతుంటే మా అందరి నోళ్ళకీ అదే అలవాటైపోయింది."

నత్త వంగి బల్ల చూశాడు. ఇప్పుడున్న మెషీను చిన్నది. దాని చుట్టూ బల్ల మీద ఇంకా పెద్ద చదరం రంగు వెలిసిపోకుండా మిగిలి ఉంది.

"మెషీను మార్చారా?"

"రెండు నెలలైంది. పాతది ఉన్నట్టుండి చచ్చిపోతే అక్కే ఒక్క పూటలో కొత్తది పెట్టి నడిపించింది."

నత్త పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. వరండాలో బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకరు గడియారాల పెద్దాయన. రెండో మనిషి ముప్ఫై అయిదేళ్ళావిడ, ఒళ్ళో గుడ్డసంచి. సంచిలోంచి మడతపెట్టిన దుప్పటి కొస కనిపిస్తోంది. జైలుకెళ్ళే చెల్లెలికోసం తెచ్చిన దుప్పటి. ఆవిడ సీసా మూత తీసి పెద్దాయనకి నీళ్ళిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "నువ్వూ తాగమ్మా" అన్నాడు. నత్త తల దించుకుని దాటిపోయాడు.

రికార్డుల గదిలో ఇన్‌స్పెక్టర్ కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. నలభై దాటని మనిషి, చొక్కా మడత నలగదు.

"రండి పెద్దాయనా! శిక్ష పడ్డాక వస్తారేమో అనుకున్నా."

"నడక నెమ్మదే గానీ దారి తప్పలేదు లెండి."

"పది నిమిషాలిస్తా. కేసు అయిపోయింది. ప్రోగ్రాం ఈవిడదే, దాని ఫోల్డర్ ఈవిడదే, ఆ ఫోల్డర్లో ఉన్న లైబ్రరీ తప్పు వెర్షన్, ఆ వెర్షన్ పెట్టానని ఈవిడే రాసిచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి మీకు? నేను పట్టిన కుందేలుకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి."

"లెక్కపెడదాం," అని నత్త కుర్చీ లాక్కున్నాడు.

అమ్మాయి బల్లకి అవతల కూర్చుని ఉంది. గోళ్ళు కొరికి కొరికి ఒక వేలి కొస ఎర్రబడింది. ఎవరో తెచ్చిపెట్టిన టీ మీద మీగడ తెట్టు కట్టింది.

"నాకు కంప్యూటరు తెలీదమ్మా," అన్నాడు నత్త. "పల్లెటూరివాడికి చెప్పినట్టు చెప్పు. ఈ ఫోల్డర్ గొడవేంటి?"

ఆమె కళ్ళెత్తకుండానే చెప్పింది. "పైథాన్ అని ఒకటుంటుంది సార్. మేం రాసిన ప్రోగ్రాంలని నడిపేది అదే. ప్రోగ్రాంకి సాయంగా వేరేవాళ్ళు రాసిన లైబ్రరీలు తెచ్చుకుంటాం. మెషీనుకంతటికీ కలిపి ఒకే చోట పడేస్తే అన్ని ప్రోగ్రాములూ వాటినే వాడుకుంటాయి. ఒకదాని కోసం కొత్త వెర్షన్ తెస్తే పాతది పోతుంది. పాతదాని మీద ఆధారపడ్డది చెడిపోతుంది, లేదా... చెడకుండానే తప్పు చేస్తుంది."

"రెండు రకాల విత్తనం ఒకే మడిలో పోసినట్టు."

మొదటిసారి ఆమె తలెత్తింది. "అవును సార్, అంతే. అందుకని ఒక్కో ప్రోగ్రాంకీ వేరే మడి కడతాం. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. చూడ్డానికి మామూలు ఫోల్డరే. దాని పైథాన్ దానికి, దాని లైబ్రరీలు దానికి. పక్కన ఎవరేం తెచ్చుకున్నా దీనికి తగలదు."

"మోతాదు ప్రోగ్రాంకి మడి కట్టావా?"

"రెండేళ్ళ కిందట మొదట చేసిన పని అదే సార్. పట్టిక చదివే లైబ్రరీ పాత వెర్షన్ పెట్టాను. ఖాళీ గడి కనపడితే పాతది ఆగిపోతుంది. కొత్తది ఆగదు, పై వరసలో ఉన్న అంకెని కిందికి దించుకుంటుంది. ఆవిడ పై వరసలో ఎనభై ఒక్క కిలోల ఆయన..." టీ గ్లాసు పక్కకి జరిపింది. "నిన్న ఇన్‌స్పెక్టర్ గారు చూపించారు. నా ఫోల్డర్లో ఉన్నది కొత్త వెర్షనే. ఆర్నెల్ల కింద ఎలా ఉంటుందో చూద్దామని ఒకసారి పెట్టాను. తీసేసి పాతది మళ్ళీ పెట్టాననే గుర్తు. పెట్టలేదన్నమాట. ఆవిణ్ణి చంపింది నేనే సార్."

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నత్త నోటు పుస్తకం తెరిచి ఆమె ముందుకి జరిపాడు. "చదువమ్మా."

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. "మంగళవారం... ఎర్ర గీత పడిందా?"

"సోమవారం కూడా. ఆర్నెల్లుగా కొత్త వెర్షనే ఉంటే ఎర్ర గీత ఎలా పడుతుంది?"

"పడదు సార్. పడకూడదు."

"మంగళవారం పదకొండు తరవాత ఆ మెషీను ముట్టుకున్నావా?"

"రెండు నెలలైంది ఆ గదిలోకి వెళ్ళి."

ఇన్‌స్పెక్టర్ కాలు దించాడు. "నోటు పుస్తకాలు ఎవరైనా రాస్తారు పెద్దాయనా. తప్పు తనమీదికి రాకుండా ఆ నర్సే గిలికి ఉండొచ్చు."

"ఖాళీ గడి నాదేనని ఒప్పుకున్న మనిషి గీతల లెక్క గిలకడం దేనికి?" నత్త అతని వైపు చూడలేదు. "అమ్మా, ఈ మడిని ఒకచోట కట్టి, నారు పీకి నాటినట్టు ఇంకోచోటికి తీసుకెళ్ళి పెట్టొచ్చా?"

"పెట్టకూడదు సార్. జాబితా పట్టుకెళ్ళి అక్కడే కొత్తగా కట్టుకోవాలి. అది పుట్టిన చోటు దాని లోపలే రాసుంటుంది. ఎత్తుకెళ్ళి వేరేచోట పెట్టినా ఒక్కోసారి నడుస్తుంది గానీ, పాత చిరునామా అలాగే ఉండిపోతుంది."

"ఏ కాగితంలో ఉంటుంది?"

"యాక్టివేట్ అని చిన్న ఫైలు. మామూలుగా ఎవరూ తెరవరు."

నత్త ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఆ మెషీనుకి నకలు తీయించారు కదా, తెరవండి."

"మీరు చెప్పినప్పుడల్లా తెరవడానికి ఇదేమన్నా మీ ఇంటి సొరుగా?"

"మెషీను పన్నెండున్నరకి చూసి రెండున్నరకి సీలు వేశారు. ఆ రెండు గంటల సంగతి కోర్టులో ఎవరైనా అడిగితే బాగుండదు. నేనడగను. ఫైలు తెరవండి చాలు."

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ ముందుకు లాక్కుని, "చెప్పు, ఎక్కడ?" అన్నాడు అమ్మాయితో. ఆమెను మీటలు ముట్టనివ్వలేదు. ఆమె చెబుతుంటే అతనే రెండు వేళ్ళతో నొక్కాడు. ఆ ఫోల్డర్, దానిలో ఇంకొకటి, దానిలో ఆ చిన్న ఫైలు. తెరిచాడు.

"ఇదిగో, చిరునామా ఉంది. సి డ్రైవు, యూజర్స్..." ఇన్‌స్పెక్టర్ అక్కడ ఆగి, ముఖం దగ్గరగా పెట్టి చదివాడు. "అక్క. ఎ, కె, కె, ఎ. అక్క, డెస్క్‌టాప్. ఇదేంటి? మందుల గది మెషీన్లో ఇలాంటి యూజరే లేదే!"

అమ్మాయి ముందుకి వంగింది. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. వాళ్ళింటికి లాప్‌టాప్ కొని తెచ్చిన రోజు పేరు పెట్టమని అది అడిగితే, ఏం పెట్టాలో ఆలోచించకుండానే ఆమె వేళ్ళు కొట్టిన మాట అది. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషిని ఆమె ఇంకో పేరుతో పిలిచింది లేదు.

"ఈ ఫైలు రాసిన టైము చూడండి," అన్నాడు నత్త.

"బుధవారం. మధ్యాహ్నం ఒంటిగంటా ముప్ఫై ఒకటి."

"అది మా ఇంట్లో లాప్‌టాప్," అంది అమ్మాయి గబగబా. "ఇద్దరం వాడుకుంటాం. నేనే చేశాను. భయపడి మార్చాను. కావాలంటే ఇంకో కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

నత్త ఆమె మాట విననట్టే ఉన్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, బుధవారం ఒంటిగంటా ముప్ఫై ఒకటికి ఈ అమ్మాయి ఎక్కడుంది?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి డైరీ తీశాడు గానీ తెరవలేదు, తెరవాల్సిన పనిలేదు.

"నా ఎదురుగా," అన్నాడు చివరికి. "డైరెక్టరు గదిలో. ఒంటిగంటా పదిహేను నుంచి నాలుగింటిదాకా. ఫోను కూడా నేనే తీసిపెట్టాను."

"మీకన్నా మంచి సాక్షిని నేనెక్కడినుంచి తేగలను?" అన్నాడు నత్త. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టేసి, టేబులు మీద ఆ అమ్మాయి సంతకమున్న కాగితాన్ని బోర్లా తిప్పాడు.

"వద్దు సార్," అంది అమ్మాయి. రెండు చేతులూ జోడించింది. "మీకు దణ్ణం పెడతాను. నేను ఒప్పుకున్నానుగా. మీకెవరో ఒకరు కావాలి, నేనున్నానుగా!"

"ఎవరో ఒకరు వద్దన్నాడమ్మా ఆ పెద్దాయన," అన్నాడు నత్త. లేచి వరండాలోకి నడిచాడు. నాలుగూ ముప్ఫై ఐదు.

బెంచీ మీద వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు. "లోపలికొస్తావా తల్లీ," అన్నాడు. ఆవిడ అతని ముఖం చూసింది, ఇంకేమీ అడగలేదు. లేస్తూ ఒళ్ళోని సంచి ఎక్కడ పెట్టాలో తోచక నిలబడితే, గడియారాల పెద్దాయన అందుకున్నాడు.

"నేను చూస్తుంటాను, వెళ్ళిరా," అన్నాడు. "చెల్లెలికి ధైర్యం చెప్పు."

ఆవిడ సంచివైపు చూడకుండా లోపలికి నడిచింది.

లోపల తెర మీద ఆ చిరునామా ఇంకా తెరిచే ఉంది. సిస్టమ్స్ అక్క నిలబడే చదివింది. తరవాత మెల్లగా, ముసలివాళ్ళు కూర్చున్నట్టు, కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"చిన్నీ," అంది.

"ఎందుకక్కా?" అంది చెల్లెలు. అంతే అంది.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది అక్క. నత్త ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన పనిపడలేదు. రెండు నెలల కిందట మందుల గది మెషీను చచ్చిపోయిన రోజు చెల్లెలికి నూటమూడు జ్వరం. మడి మళ్ళీ కట్టడం చెల్లెలి పని. పిలిస్తే జ్వరంతోనే వస్తుంది. అందుకని పిలవలేదు. ప్రోగ్రాంని మెషీనుకున్న అందరి పైథాన్ మీదే నడిపించేసింది. లైబ్రరీ పాత వెర్షనే వేసింది, ఎర్ర గీత పడుతూనే ఉంది. చెల్లెలికి తగ్గాక చెబుదాం అనుకుంది. తగ్గింది. చెప్పడం వాయిదా పడింది, తరవాత మర్చిపోయింది. మంగళవారం సాయంత్రం నెలవారీ రిపోర్టులు వెంటనే కావాలని పైనుంచి ఫోను. రిపోర్టులకి ఏదో కొత్త సామాను కావాలి. నాలుగూ ఇరవైకి అందరి పైథాన్‌లోనే అది వేసింది. అది వస్తూ వస్తూ పట్టిక చదివే లైబ్రరీని కూడా కొత్తది చేసేసింది. తెర మీద ఆ ముక్క పడే ఉంటుంది. ఆవిడ చదవలేదు.

"ఆవిడ పోయిందని తెలిసిన నిమిషానికే నాకర్థమైపోయింది," అంది అక్క. "ఇంటికి పరుగెత్తాను. లాప్‌టాప్‌లో కొత్త వెర్షన్‌తో ఒక ఫోల్డర్ కట్టి, పెన్‌డ్రైవులో తెచ్చి పెట్టాను. ప్రోగ్రాం ముందునుంచీ అంతే అన్నట్టు కనపడాలని. తప్పు ఖాళీ గడిది అనుకుంటారని. నర్సుని మందలించి వదిలేస్తారని."

"నర్సు మీదికి తోద్దామనుకున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అనుకున్నాను," అంది ఆవిడ. "నీ మీదికి వస్తుందని మాత్రం అనుకోలేదే చిన్నీ. ఆర్నెల్ల కిందట నువ్వా వెర్షన్ పెట్టి చూసిన సంగతి నీకు గుర్తుంటుందని, నువ్వే ఒప్పేసుకుంటావని... నిన్న సాయంత్రమే చెబుదామని తలుపుదాకా వచ్చాను. ఇవాళ పొద్దున కూడా వచ్చాను. మంచి దుప్పటి తెచ్చాను గానీ నోరు తేలేకపోయాను."

చెల్లెలు ఏడవలేదు. "జ్వరం ఉంటే ఏం అక్కా? పిలవాల్సింది. అరగంట పని. జ్వరంలోనే చేసేదాన్ని."

"నీకు ఒళ్ళు కాలిపోతోందే ఆ రోజు."

ఆ మాటకి ఇన్‌స్పెక్టర్ కూడా కిటికీ వైపు తిరిగాడు. కింద ఆవరణలోకి వ్యాన్ వేళకి ముందే వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. డ్రైవరు ఎవరితోనో జోకులేస్తున్నాడు.

నత్తకి కేసు తేలిన తృప్తి రాలేదు. ఏదో ఇంకా మిగిలినట్టుంది. పొలంలో ఒక గట్టు తెగితే ముందు ఆ గట్టు చూడరు, నీళ్ళు ఎటు పోయాయో చూస్తారు. అప్పుడు తట్టింది.

"తల్లీ, మంగళవారం ఆ రిపోర్టుల సామాను ఈ ఒక్క మెషీన్లోనే వేశావా?"

అక్క తెర మీంచి చూపు దించేసింది.

"ఈ ఆసుపత్రికి ఇంకా రెండు శాఖలున్నాయి కదా. అక్కడ కంప్యూటర్లు చూసేదీ నువ్వేగా?"

"మూడు చోట్లా వేశాను," అంది ఆవిడ, వినీ వినపడకుండా. "ఇక్కడినుంచే."

"ఆ రెండు చోట్లా కూడా ఈ మోతాదు ప్రోగ్రామే నడుస్తోందా?"

"అందరి పైథాన్ మీదే. మొదటినుంచీ."

చెల్లెలు కుర్చీలోంచి లేచింది. "అక్కడా కొత్త వెర్షనే పడుంటుంది. మళ్ళీ పాతది పెట్టావా అక్కా?"

"లేదు. ఇన్‌స్టాలు చేసిన టైము, మార్చిన టైము పుస్తకంలో రాసినట్టు మెషీన్లో పడతాయి. చూసినవాళ్ళకి తెలిసిపోతుందని..." ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "రెండు రాత్రులుగా కంటిమీద కునుకులేదు. బరువులన్నీ నింపితే ఏమీ కాదులే, అందరూ నింపుతారులే అని..."

"సాయంత్రం మోతాదు ఎన్నింటికి?" అన్నాడు నత్త.

"ఐదింటికి," అన్నారు అక్కా చెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే.

నాలుగూ యాభై. ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీశాడు. చొక్కా నలిగేలా బల్లమీదికి వంగి, నంబరు చెప్పమని అక్క ముందు పెన్ను పెట్టాడు. మొదటి శాఖలో రెండో రింగుకే ఎత్తారు. "నేను ఇన్‌స్పెక్టర్ని. కంప్యూటరు చెప్పిన మోతాదు ఒక్క చుక్క ఎక్కించొద్దు. ఎందుకు ఏమిటి తరవాత. కాగితం మీద మీ చేత్తో లెక్కగట్టుకోండి. డాక్టర్ని పిలవండి." అవతల ఇంకా కలపడం మొదలెట్టలేదట. అతను పెట్టేసి, నుదురు తుడుచుకుని, రెండో నంబరు నొక్కాడు.

రింగవుతోంది. ఎవరూ ఎత్తటంలేదు. పెట్టేసి మళ్ళీ చేశాడు.

"వార్డులో ఇంకో ఫోనుంది," అంది చెల్లెలు, అంకెలు గుర్తుచేసుకుంటూ. ఆమె చెప్పిన నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు మీద పెట్టాడు. తొమ్మిదో రింగుకి ఎవరో ఆడగొంతు ఎత్తింది.

"మోతాదు ఆపండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏ మోతాదండీ? సాయంత్రందా? ఇవాళ డ్యూటీ మారేవాళ్ళు తొందరపడితే నాలుగున్నరకే కలిపేశాం. నలుగురికీ ఎక్కుతోంది."

చెల్లెలు ఫోను దగ్గరికి వంగింది. గొంతు అదుపులో పెట్టుకుని, ఒక్కో మాటా విడిగా అడిగింది. "మేడమ్, నేను ప్రోగ్రాం రాసినదాన్ని. ముందు నలుగురికీ మందు ఆపండి. ఆపి, బరువు గడులు నాలుగూ నిండాయో లేదో చూసి చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."

"ఎర్ర గీతేం పడలేదే. అన్నీ నింపే ఉంటారు. సరే, ఉండండి, చూసొస్తాను."

అవతల ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు నింపాదిగా దూరమైంది. ఎక్కడో ఒక మెషీను బీప్ మంటోంది. అక్క చెయ్యి బల్లమీద నుంచి జరుగుతూ వచ్చి చెల్లెలి చేతిమీద ఆగింది. చెల్లెలు ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. నత్త గడియారం చూశాడు.

నిమిషం గడిచింది. మళ్ళీ అవే చెప్పులు. వెళ్ళేటప్పుడు నడిచి వెళ్ళిన మనిషి, పరుగెత్తుకుంటూ వస్తోంది.